రింగు తిప్పినా రెక్కలు ఎందుకు కదలలేదు

చీమకుర్తిలో గ్రానైట్ పలకలకు ఫొటోలు తీసే మా అన్న కొడుకు, పోయిన వేసవిలో ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చినప్పుడు సంచిలో ఒక పాత లెన్సు తెచ్చాడు. 50 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్/1.8, మర తిప్పి బిగించే రకం. దాన్ని తన మిర్రర్‌లెస్ కెమెరాకు అడాప్టరుతో, అంటే వేరే రకం లెన్సు పట్టేలా మధ్యలో పెట్టే వలయంతో, తగిలించుకున్నాడు.

“బాబాయ్, ఇందులో ఏదో విరిగినట్టుంది. రింగు టక్కు టక్కుమని తిరుగుతోంది, అంకెలు మారుతున్నాయి. ఫొటోలో వెలుతురు మాత్రం మారడం లేదు. లోపలికి చూస్తే రంధ్రం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటోంది” అన్నాడు.

విరిగింది ఏమీ లేదు. లెన్సు పక్కన, మౌంటుకు (కెమెరాకు బిగించే చోటుకు) దగ్గరగా, గోరంత మీట ఉంది. దానికి ఒక వైపు ‘ఎ’ అని, మరో వైపు ‘ఎం’ అని గుర్తులు. మీటను ‘ఎం’ వైపు జరిపి ఇప్పుడు తిప్పమన్నాను. అంకె ఎనిమిది దగ్గరకు వచ్చేసరికి లోపలి నుంచి నల్లని రెక్కలు మెల్లగా ముందుకు జరిగి, మధ్యలో ఆరు మూలల చిన్న కిటికీ మిగిల్చాయి.

వాడి ముఖం వెలిగింది. మరుక్షణమే ఇంకో ప్రశ్న వేశాడు. “మరి మీట ‘ఎ’ దగ్గర ఉన్నంతసేపూ ఈ రింగు చేస్తున్న పని ఏమిటి?”

మాన్యువల్ లెన్సుల గురించి వివరించే చాలామంది ఈ ప్రశ్నను దాటుకొని వెళ్ళిపోతారు. నా దృష్టిలో ఎపర్చరు, అంటే వెలుతురు లోపలికి వచ్చే ఆ రంధ్రం, అర్థం కావాలంటే పట్టుకోవలసిన కొస ఇదే. ఎపర్చరు విషయంలో జరగవలసిన పనులు రెండు. రంధ్రం ఎంత వరకు మూసుకోవాలో హద్దు పెట్టడం ఒకటి. ఆ హద్దు దాకా రెక్కలను కదిలించి మూయడం రెండోది. రింగున్న మొదటి తరం లెన్సుల్లో ఈ రెండూ ఒకే రింగు చేసేది. తరువాత ఈ పనులు విడిపోయాయి. హద్దు పెట్టే పని రింగు దగ్గరే ఉండిపోయింది, మూసే పని కెమెరా చేతికి పోయింది. మా వాడి లెన్సులో రింగు తన పని తాను సరిగ్గానే చేసింది. మూయవలసిన చెయ్యి అడాప్టరులో లేదు.

పెన్నా కాలువల కింద పొలం ఉన్నవారికి ఇది చెప్పడం తేలిక. తూము తలుపు ఎంత ఎత్తాలో చెప్పేది నీటిపారుదల శాఖ ఇంజనీరు, ఎత్తేది లస్కరు. అడుగు ఎత్తాలని పొద్దున నిర్ణయమైనా, లస్కరు వచ్చి మర తిప్పేదాకా కాలువలో చుక్క కదలదు. ఈ పోలికలో ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని ఇప్పుడే విప్పుకోవాలి. మన ప్రాంతంలో తూము తలుపును షట్టరు అంటాం. కెమెరాలో షట్టరంటే వేరు. తలుపు ఎంత ఎత్తారన్నది ఎపర్చరు, ఎత్తి ఎంతసేపు ఉంచారన్నది షట్టరు వేగం. మడిలోకి చేరే నీరు ఈ రెండిటి మీదా ఆధారపడినట్టే, ఫిల్ముకో సెన్సరుకో చేరే వెలుతురు కూడా ఈ రెండిటి మీదా ఆధారపడుతుంది.

రింగు మీది అంకెలు

2, 2.8, 4, 5.6, 8, 11, 16. కొత్తగా చూసేవారికి ఈ వరుసలో రెండు వింతలు కనిపిస్తాయి. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. పైగా అంకెల మధ్య దూరం ఒక లెక్కలో ఉన్నట్టు తోచదు.

ఈ అంకె రంధ్రం కొలత చెప్పదు, నిష్పత్తి చెబుతుంది. లెన్సు ఫోకల్ దూరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఈ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్సు అన్నప్పుడు ఆ 50 దాని ఫోకల్ దూరమే. దాని మీద 2 అని (ఎఫ్/2 అని రాస్తారు) ఉంటే రంధ్రం వ్యాసం 25 మిల్లీమీటర్లు. 16 దగ్గర అది 3 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. అదే 200 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్/4 రావాలంటే 50 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. దూరపు పక్షులను తీసే లెన్సులు చెంబుల్లా లావుగా ఉండడానికి కారణం ఇదే. కొలతకు బదులు నిష్పత్తిని ఎందుకు వాడారంటే, లెన్సు ఏదైనా ఒకే అంకె దగ్గర ఫిల్ము మీద పడే వెలుతురు ఇంచుమించు ఒకటే అవుతుంది. ఫొటోగ్రాఫరు లెన్సు మార్చినప్పుడల్లా లెక్క మార్చుకోనక్కరలేదు.

ఇక్కడ వ్యాసం అంటున్నది రెక్కల మధ్య నిజంగా ఉన్న ఖాళీని కాదు. లెన్సును ముందు నుంచి చూసినప్పుడు, ముందు గాజుల గుండా మనకు కనిపించే రంధ్రాన్ని. ముందున్న గాజులు భూతద్దంలా దాన్ని పెద్దదిగానో చిన్నదిగానో చూపిస్తాయి. కాబట్టి లెన్సు విప్పి లోపల స్కేలు పెట్టి కొలిచినవారికి లెక్క కుదరకపోతే కంగారు పడనక్కరలేదు.

ఇక వరుస. వెలుతురు సగం కావాలంటే రంధ్రం వైశాల్యం సగం కావాలి. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, వ్యాసాన్ని సగానికి తగ్గిస్తే వెలుతురు పావు వంతుకు పడిపోతుంది. సగమే తగ్గాలంటే వ్యాసాన్ని రెండు వర్గమూలంతో, అంటే 1.414తో భాగించాలి. రెండును 1.414తో గుణిస్తే 2.8, దాన్ని మళ్ళీ గుణిస్తే 4, మళ్ళీ గుణిస్తే 5.6. ఒక్కో అంకె ఒక్కో స్టాపు. 25 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం సుమారు 491 చదరపు మిల్లీమీటర్లు. ఎఫ్/2.8 దగ్గర అది 245. సరిగ్గా సగం.

పాత లెన్సులు చేతిలోకి తీసుకుంటే ఇంకొకటి గమనిస్తారు. చాలావాటిపై 2కూ 2.8కూ మధ్య ఎడం బాగా ఉంటుంది, 11, 16 మాత్రం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. 50 మిల్లీమీటర్ల లెన్సులో 2 నుంచి 2.8కి రావడానికి వ్యాసం 7.3 మిల్లీమీటర్లు తగ్గాలి. 11 నుంచి 16కు రావడానికి 1.3 మిల్లీమీటర్లు తగ్గితే చాలు. రింగు తిప్పినంత మేరా రెక్కలు సమానంగా జరిగే పాత అమరికలో అంకెలు చివర గుమిగూడక తప్పదు. తరువాత వచ్చినవాటిలో రెక్కలను నడిపే గాడిని వంకరగా మలిచి, ప్రతి స్టాపుకూ రింగు ఒకే దూరం తిరిగేలా చేశారు. చూడకుండా, వేళ్ళకు తగిలే క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ ఎపర్చరు మార్చగలగడం ఆ వంకర గాడి వల్లనే. దాన్ని మలిచినవాళ్ళ పనితనం నాకు ఇప్పటికీ అబ్బురమే.

రెక్కల అమరిక

రెక్కలు బాగా వాడుకలోకి రాకముందు రంధ్రాన్ని మార్చే పద్ధతి మరీ సూటిగా ఉండేది. 1858లో జాన్ వాటర్‌హౌస్ అనే ఆయన వేరువేరు కొలతల రంధ్రాలు తొలిచిన రేకులు చేసి, లెన్సు గొట్టానికి పెట్టిన చీలికలో కావలసిన రేకును దూర్చే ఏర్పాటు చేశాడు. ఫొటోగ్రాఫరు జేబులో రేకుల కట్ట ఉండేది.

ఇప్పటి అమరికలో ఒక్కో రెక్క కొడవలి ఆకారపు పల్చని లోహపు ముక్క. దాని రెండు కొసల్లోనూ చిన్న ముల్లు ఉంటుంది. ఒక ముల్లు కదలని చట్రంలోని రంధ్రంలో దిగి ఇరుసులా పనిచేస్తుంది. రెండోది తిరిగే చక్రంలోని గాడిలో కూర్చుంటుంది. చక్రం తిరిగితే గాడి ఆ ముల్లును లాగుతుంది, రెక్క ఇరుసు చుట్టూ తిరిగి లోపలికి వాలుతుంది. అన్ని రెక్కలూ ఒకదాని మీద ఒకటి జారుతూ ఒకేసారి వాలతాయి కాబట్టి మధ్యలో రంధ్రం చిన్నదవుతుంది.

రెక్కలు ఎన్ని ఉండాలన్నది రెండో పనిని ఎవరు చేస్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. చేత్తో నిదానంగా మూసే లెన్సులో ఎన్ని రెక్కలైనా పెట్టవచ్చు. సోవియట్ కాలపు టాయిర్-11 లెన్సులో ఏకంగా 20 ఉన్నాయి, దాని రంధ్రం ఏ అంకె దగ్గరైనా దాదాపు గుండ్రంగా ఉంటుంది. బటను నొక్కిన క్షణంలో టక్కున మూసుకోవలసిన లెన్సులో అన్ని రెక్కలు రాసుకుంటే పని ఆలస్యమవుతుంది. అందుకే అలాంటివాటిలో ఐదారు రెక్కలతో సరిపెట్టిన లెన్సులు ఎక్కువ.

రెక్కల ఆకారం ఫొటోలో ఎలా కనిపిస్తుందో చూడాలంటే చీమకుర్తి రాయిని మించిన పాఠం లేదు. గెలాక్సీ గ్రానైట్ నల్లని ఒంటి మీద మెరిసే బంగారు చుక్కలు బ్రోంజైట్ అనే ఖనిజానివి. నునుపు చేసిన పలకను ఎండలో ఏటవాలుగా పెట్టి, దగ్గర చుక్క మీద ఫోకస్ చేయండి. వెనక ఫోకస్‌లో లేని ప్రతి చుక్కా ఎపర్చరు రంధ్రానికి అచ్చుబొమ్మ అవుతుంది. పూర్తిగా తెరిచి తీస్తే గుండ్రని బిళ్ళలు. రెండు స్టాపులు మూసి తీస్తే రెక్కలెన్నో అన్ని మూలలు. ఇండస్టార్-61 ఎల్/జెడ్ అనే లెన్సునైతే 5.6 దగ్గర పెడితే చుక్కలన్నీ నక్షత్రాలైపోతాయి, ఎందుకంటే దాని రెక్కల అంచులు అక్కడ కలిసే తీరే అలాంటిది.

రాత్రిపూట కృష్ణపట్నం రేవు దీపాలను 16 దగ్గర తీస్తే దీపం చుట్టూ కిరణాలు వస్తాయి. రెక్కలు సరి సంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి సంఖ్యలో ఉంటే రెట్టింపు. ప్రతి అంచూ ఎదురెదురు దిక్కుల్లో రెండు కిరణాలను చిమ్ముతుంది. సరి సంఖ్యలో ఎదురెదురు అంచుల కిరణాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, బేసి సంఖ్యలో దేనిది దానికే మిగులుతుంది. ఎనిమిది రెక్కలకు ఎనిమిది, ఐదు రెక్కలకు పది.

చీకటి వ్యూఫైండరు

నేను పని నేర్చుకున్న నెల్లూరు ట్రంకు రోడ్డు స్టూడియోలో యాషికా మ్యాట్ 124జీ ఉండేది. దానికి పైన ఒకటి, కింద ఒకటి రెండు లెన్సులు. పై లెన్సుతో చూస్తాం, కింది లెన్సుతో తీస్తాం. కింది లెన్సు ఎపర్చరును ఎంత మూసినా పై లెన్సు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి చూసేవారికి వెలుతురు తగ్గదు. ఆ కెమెరాలో హద్దు పెట్టడాన్నీ మూయడాన్నీ వేరు చేయవలసిన అవసరమే రాలేదు. పక్కన ప్రత్యేకమైన కిటికీలోంచి చూసే రేంజ్‌ఫైండరు కెమెరాలకూ ఇదే సౌకర్యం.

చిక్కంతా ఒకే లెన్సుతో, లోపలి అద్దంలో పడే బొమ్మను చూసి, ఆ లెన్సుతోనే తీసే ఎస్ఎల్ఆర్‌తో వచ్చింది. ఎఫ్/11 దగ్గర తీయాలనుకొని రింగు అక్కడ పెడితే వ్యూఫైండరులోకి, అంటే మనం కన్ను పెట్టి చూసే కిటికీలోకి, వచ్చే వెలుతురు కూడా అంతే తగ్గుతుంది. ఎఫ్/2తో పోలిస్తే ఐదు స్టాపులు, అంటే ముప్పై రెండో వంతు. పెళ్ళి పందిట్లో ఆ చీకటిలో ముఖం మీద ఫోకస్ పెట్టడం అసాధ్యం. పైగా రంధ్రం చిన్నదైతే ముందూ వెనకా అన్నీ కాస్త స్పష్టంగానే కనిపిస్తాయి కాబట్టి, సరైన ఫోకస్ ఎక్కడుందో కన్ను తేల్చుకోలేదు. తెరిచి ఫోకస్ చేయాలి, మూసి తీయాలి. తెరిచి ఫోకస్ చేసి, రింగు మీద అంకె కోసం వెతికి, మూసి, తీసేలోపు తలంబ్రాలు అయిపోతాయి.

మొదటి పరిష్కారం ప్రీసెట్ లెన్సు. నా దగ్గరున్న హీలియోస్ 44-2 ఆ రకమే. 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2, ఎనిమిది రెక్కలు. దానికి ఎపర్చరు రింగులు రెండు. అంకెలున్న రింగును 8 దగ్గర పెడితే రెక్కలు కదలవు, హద్దు మాత్రం కుదురుతుంది. పక్కనే క్లిక్కులు లేకుండా నునుపుగా తిరిగే రెండో రింగు అసలు మూసే రింగు. అది ఒక వైపు పూర్తి తెరుపు దగ్గర ఆగుతుంది, రెండో వైపు మనం పెట్టిన ఎనిమిది దగ్గర ఆగుతుంది. కంటిని వ్యూఫైండరు నుంచి తీయకుండానే తెరిచి, ఫోకస్ చేసి, రింగును తగిలినంత వరకు తిప్పి తీసేయవచ్చు. ఇంజనీరు పని ఒక రింగుకూ, లస్కరు పని ఇంకో రింగుకూ ఇచ్చారు. ఈ రెండు పనులూ వేరని కంటికి కనిపించేలా చెప్పే లెన్సు ఇంకొకటి లేదు. ఎపర్చరు నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేను మొదట దీన్నే చేతిలో పెడతాను.

తరువాతి అడుగు, ఆ లస్కరు పనిని కెమెరాకే అప్పగించడం. ఎగ్జాక్టా కెమెరాల లెన్సులకు పక్కనుంచి ఒక చెయ్యిలాంటి భాగం పొడుచుకొని వచ్చి, కెమెరా షట్టరు బటను మీదికి వచ్చేది. దాన్ని నొక్కితే ముందు రెక్కలు మూసుకొని, ఆ ఒత్తిడే బటను దాకా వెళ్ళి షట్టరు పడేది. 42 మిల్లీమీటర్ల మర మౌంటు కెమెరాలు ఇదే పనిని లోపలికి తెచ్చాయి. లెన్సు వెనక భాగంలో ఒక చిన్న సూది ఉంటుంది. బటను నొక్కగానే కెమెరా లోపలి పలక ఒకటి ముందుకు వచ్చి ఆ సూదిని లోపలికి తోస్తుంది, రెక్కలు రింగు పెట్టిన హద్దు దాకా మూసుకుంటాయి, అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకొని మూసుకుంటుంది, పలక వెనక్కి పోతుంది, స్ప్రింగు రెక్కలను మళ్ళీ తెరిచేస్తుంది. ఇదంతా కనురెప్పపాటులో. మీట ‘ఎ’ దగ్గర ఉంటే సూది కోసం ఎదురుచూడమని అర్థం. ‘ఎం’ దగ్గర ఉంటే సూదితో పని లేకుండా రింగే రెక్కలను లాగాలని అర్థం.

మా వాడి అడాప్టరులో సూదిని తోసే అంచు లేదు. రింగు హద్దు పెట్టింది, స్ప్రింగు రెక్కలను తెరిచే ఉంచింది, మూయమని చెప్పేవారు లేరు. కొన్ని లెన్సులకు ఈ మీటే ఉండదు. అలాంటివాటికి లోపల అంచు ఉండి, లెన్సు బిగించగానే సూదిని నొక్కి పట్టుకునే అడాప్టరు కొనుక్కోవాలి. కొనేముందు అడాప్టరును వెలుతురుకు పట్టి, లోపల వలయంలా అంచు ఉందో లేదో చూసుకోండి.

నికాన్ వాళ్ళు 1959లో ఎఫ్ మౌంటు తెచ్చినప్పుడు ఈ ఏర్పాటును తలకిందులు చేశారు. ఆ లెన్సుల్లో స్ప్రింగు రెక్కలను మూయడానికి లాగుతుంది, కెమెరాలోని మీట వాటిని బలవంతంగా తెరిచి పట్టుకుంటుంది. బటను నొక్కినప్పుడు కెమెరా చేసేదల్లా చెయ్యి వదిలేయడమే. అందుకే పాత నికాన్ లెన్సును కెమెరా నుంచి విప్పి చూస్తే, రింగు మీద ఏ అంకె ఉందో రంధ్రం అంతే కనిపిస్తుంది. మర మౌంటు ఆటోమేటిక్ లెన్సును విప్పి ‘ఎ’ దగ్గర చూస్తే పూర్తిగా తెరిచి కనిపిస్తుంది. పాత నికాన్ లెన్సు మామూలు అడాప్టరు మీద కూడా వెంటనే పనిచేయడం, మర మౌంటు లెన్సు మొరాయించినట్టు కనిపించడం, రెండిటికీ కారణం స్ప్రింగు ఎటు లాగుతుందన్నదే.

మీటరుకు కబురు

రెక్కలు తీసేటప్పుడే మూసుకుంటే ఇంకో చిక్కు పుడుతుంది. కెమెరాలోని లైట్ మీటరు తెరిచిన లెన్సులోంచి వెలుతురు కొలుస్తుంది, ఫొటో మాత్రం మూసిన లెన్సులోంచి పడుతుంది. 1964లో వచ్చిన పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లో దీనికి దారి సూటిగా ఉంది. కొలిచేటప్పుడు ఒక మీట నొక్కితే రెక్కలు మూసుకుంటాయి, ఆ చీకటిలోనే మీటరు కొలుస్తుంది.

రెండో దారి, రింగు ఎక్కడుందో మీటరుకు ముందే కబురు పంపడం. పాత నికాన్ లెన్సుల రింగు మీద చెవుల్లా నిలబడిన లోహపు ముక్క ఆ కబురు మోసేదే. నిక్కర్‌మ్యాట్ కెమెరాకు లెన్సు తగిలించగానే రింగును ఆ కొస నుంచి ఈ కొసకు ఒకసారి తిప్పే అలవాటు వెనక, ఈ లెన్సు ఎంత వరకు తెరుచుకుంటుందో మీటరుకు చెప్పే పని ఉంది. 1977లో నికాన్ తెచ్చిన ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) అమరికతో రింగు అంచే ఆ కబురు చెప్పడం మొదలైంది, తిప్పే అవసరం పోయింది.

ఆ తరువాత కథ రింగుకు మిగిలిన ఆ ఒక్క పని కూడా పోవడమే. 1983లో పెంటాక్స్ రింగు మీద ‘ఎ’ అనే స్థానం పెట్టి, అక్కడ ఉంచితే హద్దును కెమెరా నిర్ణయించేలా చేసింది. 1987లో కానన్ ఈఎఫ్ మౌంటుతో లెన్సు లోపలే విద్యుత్తుతో కదిలే రెక్కలు తెచ్చింది. లెన్సు మీద రింగే లేదు. ఇక్కడ ‘ఎ’ అక్షరం రెండు చోట్లా కనిపించినా అర్థాలు వేరని గుర్తుంచుకోవాలి. మర మౌంటు లెన్సు మీట మీది ‘ఎ’ అంటే మూసే పని కెమెరాది, అంకె మాత్రం మీదే. పెంటాక్స్ రింగు మీది ‘ఎ’ అంటే అంకె కూడా కెమెరాదే.

మిర్రర్‌లెస్ కెమెరాతో

అద్దం లేని కెమెరాలో మనం చూసేది సెన్సరు పంపే బొమ్మ. వెలుతురు తగ్గితే కెమెరా తెర ప్రకాశాన్ని పెంచి చూపగలదు. చీకటి వ్యూఫైండరు అనే పాత చిక్కు చాలావరకు లేదు. అంటే సూదులూ మీటలూ స్ప్రింగులూ కనిపెట్టిన అవసరమే పోయింది. రింగుతోనే నేరుగా మూసుకొని, మూసిన రంధ్రంలోంచే చూస్తూ తీయవచ్చు. ప్రీసెట్ లెన్సు ఈ కెమెరాల మీద హాయిగా పనిచేస్తుంది.

కెమెరా మెనూలో లెన్సు లేకపోయినా షట్టరు పడేలా ఒక సెట్టింగు ఉంటుంది, దాన్ని ముందు ఆన్ చేయాలి. ఎపర్చరు ప్రయారిటీ మోడ్‌లో పెడితే, రింగు మీద అంకె ఏదో కెమెరాకు తెలియకపోయినా, వస్తున్న వెలుతురును కొలిచి షట్టరు వేగాన్ని తానే కుదుర్చుకుంటుంది. తెర మీద ఎపర్చరు దగ్గర సున్నాలో గీతలో కనిపిస్తే అది తప్పు కాదు.

ఫోకస్ ఎప్పుడు చేయాలన్నదానిపై నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. తెరిచి ఫోకస్ చేసి మూయడం మనకు ఎస్ఎల్ఆర్ నేర్పిన అలవాటు. ఎఫ్/1.4 దాకా బాగా తెరుచుకునే పాత లెన్సులు కొన్నింటిలో మూసినప్పుడు ఫోకస్ చోటు కొద్దిగా జరుగుతుంది. లెన్సు అంచుల గుండా వచ్చే కిరణాలూ నడిమి నుంచి వచ్చేవీ ఒకే చోట కలవకపోవడం దీనికి కారణం. మూస్తే అంచు కిరణాలు తెగిపోతాయి, మిగిలినవి వేరే చోట కలుస్తాయి. కాబట్టి దగ్గరి వస్తువులకు, తీయబోయే అంకె దగ్గరే పెట్టి, తెర మీద బొమ్మను పెద్దది చేసుకొని ఫోకస్ చేయండి.

ఏ అంకె ఎప్పుడన్నది ఎదుట ఏముందో చూసి తేల్చుకోవలసినది. ఒంగోలు గిత్తను రెండు మీటర్ల దూరంలో ముందు నుంచి తీస్తున్నామనుకోండి. 58 మిల్లీమీటర్ల లెన్సు, పూర్తి ఫ్రేము (35 మిల్లీమీటర్ల ఫిల్ము బొమ్మంత సెన్సరున్న) కెమెరా. ఎఫ్/2 దగ్గర స్పష్టంగా ఉండే మందం సుమారు 14 సెంటీమీటర్లు. కళ్ళు మెరుస్తాయి, చెవులు కరగడం మొదలవుతుంది, మూపురం వెనక తెల్లని మబ్బులా ఉంటుంది. ఎఫ్/8 దగ్గర ఆ మందం సుమారు 57 సెంటీమీటర్లు. ఆ జాతికి గుర్తయిన మూపురం కూడా స్పష్టంగా పడాలంటే 16 దాకా వెళ్ళాలి. అక్కడ అది మీటరు దాటుతుంది. అయితే రంధ్రం అంత చిన్నదయ్యేసరికి వెలుతురు అంచుల దగ్గర వంగి చెదురుతుంది, బొమ్మ మొత్తం మీద పదును కొంచెం తగ్గుతుంది. మూపురం కోసం నేను ఆ పదును వదులుకుంటాను. గిత్తను మూపురం లేకుండా చూపడం దాన్ని సగమే చూపడం.

రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగినవారిని తీసేటప్పుడు ఒక్కొక్కరి మీదా ఫోకస్ చేసే వ్యవధి ఉండదు. అదే లెన్సును ఎఫ్/11 దగ్గర పెట్టి, ఫోకస్ 4 మీటర్ల దగ్గర ఉంచేస్తే దాదాపు 3 మీటర్ల నుంచి ఆరున్నర మీటర్ల వరకు ఉన్నవారంతా స్పష్టంగా వస్తారు. రొట్టె ఇచ్చే చెయ్యీ అందుకునే చెయ్యీ రెండూ. లెన్సు మీద ఫోకస్ గుర్తుకు రెండు వైపులా జతలు జతలుగా ఉండే అంకెలు ఈ లెక్కనే చెబుతాయి. ఆటోఫోకస్ లెన్సులు చాలావాటిపై ఆ గీతలు మాయమయ్యాయి. అది నష్టమే.

మైపాడు తీరంలో పట్టపగలు మీటరు లేకపోయినా పని జరుగుతుంది. మండే ఎండలో ఎఫ్/16 దగ్గర, ఐఎస్ఓ (ఫిల్ము గానీ సెన్సరు గానీ వెలుతురుకు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) 100కు సెకనులో 125వ వంతు. రంధ్రాన్ని రెండు స్టాపులు తెరిస్తే షట్టరును రెండు స్టాపులు వేగం చేయాలి. ఎఫ్/8కి 500వ వంతు.

రోహిణి కార్తెలో లెన్సు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఫోకస్ మరల్లో ఉండే గ్రీజు ఆ వేడికి పల్చబడుతుంది. మెల్లగా పాకి రెక్కల మీదికి చేరుతుంది. పల్చని రెక్కల మధ్య నూనె పొర పడితే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ జబ్బు అన్ని లెన్సులనూ ఒకేలా బాధించదు, ఎందుకో ఇప్పటికి ఊహించే ఉంటారు. చేత్తో మూసే లెన్సులో రెక్కలు బరువుగా కదులుతాయి, అంతే. ఎంత నిదానంగా మూసుకున్నా మనం తీసేముందే మూసుకుంటాయి. స్ప్రింగును నమ్ముకున్న ఆటోమేటిక్ లెన్సులో రెక్కలు షట్టరు తెరుచుకునేలోపు చేరవలసిన చోటికి చేరవు. ఫొటో వెలిసిపోతుంది. కొన్నిసార్లు మొదటి ఫొటో బాగా వెలిసిపోయి, వరుసగా నాలుగైదు తీశాక రెక్కలు వదులై సరిగ్గా వస్తాయి. అప్పుడు చాలామంది కెమెరా మీటరును అనుమానిస్తారు.

పాత ఆటోమేటిక్ లెన్సు కొనేముందు పరీక్ష ఇది. రింగును 16 దగ్గర పెట్టి, మీటను ‘ఎ’ వైపు జరిపి, వెనక సూదిని వేలితో నొక్కి వదలండి. రెక్కలు టక్కున మూసుకొని టక్కున తెరుచుకోవాలి. కదలికలో ఏ మాత్రం బద్ధకం కనిపించినా, రెక్కల మీద ఇంద్రధనుస్సు రంగుల మెరుపు కనిపించినా నూనె చేరినట్టే. దాన్ని శుభ్రం చేయడం ఇంట్లో చేసే పని కాదు. రెక్కలు ఒకసారి ఊడి పడితే వాటిని తిరిగి వరుసలో కూర్చడానికి అనుభవమున్న మెకానిక్కుకే గంటలు పడుతుంది. వేసవి గడిచాక కార్తీకానికి అటూ ఇటూ వచ్చే వానల్లో బూజు వంతు. మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టుకుంటే దాని బాధ చాలావరకు తప్పుతుంది.

మా వాడు సాయంత్రం దాకా కూర్చుని, తన లెన్సు సూదిని పాతికసార్లైనా నొక్కి చూశాడు. రెక్కలు చురుగ్గానే ఉన్నాయి. ఒంగోలు చేరాక ఎండలో నిలబెట్టిన బైకు పెట్టెలో దాన్ని ఉంచవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాను. వారం తరువాత ఫోనుకు ఒక ఫొటో పంపాడు. నల్లని పలక, ముందు ఒకే ఒక్క బంగారు చుక్క సూదిమొనంత పదునుగా, దాని వెనక పలక చివరిదాకా ఆరు మూలల బిళ్ళలు. కింద “ఎం, 4” అని రాశాడు.